ప్రాసెసర్‌కు తొందర, మెమరీకి నిదానం
(విద్యార్థి వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో బాగా చదువుకోండి, పెద్దలను మరచిపోకండి అని చెప్పడం ఆనవాయితీ. ఆ మాటలు నాకన్నా బాగా చెప్పగలిగిన పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచింది వేరే పని మీద. కంప్యూటర్ కొనుగోలుకు, మార్పులకు సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తులను చూసి సలహా చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. బరంపురం, షోలాపూర్, బళ్ళారి, హోసూరు, యానాం, ఎక్కడి నుంచి వచ్చినా ఆ దరఖాస్తుల్లో ఒక కోరిక తరచు కనిపిస్తోంది. "నా కంప్యూటర్ నిదానంగా ఉంది. ఓవర్‌క్లాక్ చేసుకోవడానికి వీలున్న ప్రాసెసర్, దానికి తగిన బోర్డు, కూలర్ కావాలి" అని.

ఆ కోరికలో తప్పేమీ లేదు. కాని చాలాసార్లు ఆ డబ్బు వెళ్ళవలసిన చోటు ప్రాసెసర్ కాదు. ట్రస్టు సొమ్ము పరిమితం. ఒకరికి అనవసరంగా వెళ్ళిన రూపాయి మరొకరి ఫీజులోంచి తీసినట్టే. అందుకని ఈరోజు ఈ ఒక్క విషయమే మాట్లాడతాను. కంప్యూటర్ చదువు చదవని తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఎందుకంటే డబ్బు కట్టేది వాళ్ళు.

ముందు ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటో చూద్దాం. ప్రాసెసర్ లోపల ఒక తాళం నడుస్తూ ఉంటుంది. ఆ తాళానికి అనుగుణంగా అది అడుగు తరువాత అడుగు వేస్తుంది. 4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 400 కోట్ల అడుగులు. తయారుచేసినవారు నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువ వేగంతో ఆ తాళాన్ని నడిపించడమే ఓవర్‌క్లాకింగ్.

దీనికి పాత కథ ఒకటి ఉంది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్‌ను విడుదల చేసింది. బోర్డు మీది బస్సు వేగం 66 మెగాహెర్ట్జ్, దాన్ని నాలుగున్నరతో గుణిస్తే 300. ఆ గుణకాన్ని మార్చడానికి వీలులేదు. కాని బస్సు వేగాన్ని 100కు పెంచితే అదే ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. చాలామంది అలా నడిపించారు. అయితే ఒక చిక్కు ఉంది. ఆ రోజుల్లో మెమరీ కూడా అదే బస్సు తాళానికి నడిచేది. అందుకని 100 మెగాహెర్ట్జ్‌ను తట్టుకునే పీసీ100 రకం మెమరీ ఉన్నవారికే ఆ పని సాఫీగా అయ్యేది. ప్రాసెసర్ సిద్ధంగా ఉన్నా మెమరీ అందుకోలేకపోతే కంప్యూటర్ మొండికేసేది.

2006లో కోర్ 2 డ్యుయో ఇ6300 వచ్చింది. అక్కడా ఇదే కథ. బస్సు 266, గుణకం 7, వేగం 1.86 గిగాహెర్ట్జ్. మెమరీని బస్సుతో సమానంగా నడిపిస్తే, డీడీఆర్2-667 రకం మెమరీ దాని నిర్ణీత వేగంలో బస్సును 333 వరకే రానిస్తుంది. 333ను 7తో గుణిస్తే 2.33 గిగాహెర్ట్జ్. అదే డీడీఆర్2-800 మెమరీ అయితే బస్సు 400 వరకు పోవచ్చు, ప్రాసెసర్ 2.8 వరకు పోవచ్చు. ఒకే ప్రాసెసర్. కాని అది ఎంత దూరం పోగలదో పక్కనున్న మెమరీ చెప్పేది.

ఆ తరువాత పద్ధతి మారింది. మెమరీని నడిపించే భాగం బోర్డు మీది చిప్ నుంచి ప్రాసెసర్‌లోకే వచ్చేసింది. ఏఎండీ ఆ మార్పు 2003లో చేసింది, డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ 2008లో చేసింది. ఇప్పుడు ప్రాసెసర్ తాళం వేరు, మెమరీ తాళం వేరు. మెమరీని ముట్టుకోకుండానే ప్రాసెసర్ వేగాన్ని పెంచుకోవచ్చు. అందుకని మెమరీ అడ్డు తొలగిపోయిందని మన పిల్లలు అనుకుంటున్నారు. అడ్డు తొలగిపోలేదు, కంటికి కనిపించకుండా పోయింది. వెనుక మెమరీ అందుకోలేకపోతే కంప్యూటర్ ఆగిపోయేది, కాబట్టి తెలిసేది. ఇప్పుడు కంప్యూటర్ చక్కగా నడుస్తుంది, తెర మీద పెద్ద అంకె కనిపిస్తుంది, పని మాత్రం దాదాపు అదే సమయానికి పూర్తవుతుంది.

పోయిన ఏడాది మహారాష్ట్ర నుంచి ఒక విద్యార్థిని దరఖాస్తు పెట్టుకుంది. తండ్రి మరమగ్గాల కార్మికుడు. అమ్మాయి ఎం.టెక్. చదువుతోంది. గొట్టాలలో ద్రవప్రవాహాన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టే ప్రాజెక్టు. ఒక్కో లెక్క రాత్రంతా నడుస్తోంది, సమర్పించవలసిన గడువు దగ్గర పడుతోంది. ఓవర్‌క్లాక్ చేయగల ప్రాసెసర్, బోర్డు, కూలర్ మూడూ అడిగింది. నేను ఫోన్ చేసి మెమరీ ఎంత ఉంది, ఎన్ని స్టిక్కులు అని అడిగాను. ఒకే స్టిక్కు, పక్క స్లాట్ ఖాళీ. అప్పుడు చిన్న పరీక్ష ఒకటి చేయమన్నాను. ఆ పరీక్ష ఏమిటో తరువాత చెబుతాను. మర్నాడు తనే ఫోన్ చేసి, "సర్, ప్రాసెసర్ వేగం తగ్గించినా లెక్కకు పట్టే సమయం పెద్దగా పెరగలేదు. కండెలు అందక మగ్గం ఆగినట్టే కదా సర్ ఇది" అన్నది.

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. నేసేవాడి చెయ్యి ఎంత చురుకైనా, నాడెలో పెట్టడానికి నూలు చుట్టిన కండె చేతికి అందాలి. అందకపోతే మగ్గం ముందు ఊరికే కూర్చోవాలి. ఇది చరిత్రలో కూడా జరిగింది. 1733లో ఇంగ్లండులో జాన్ కే ఎగిరే నాడెకు పేటెంటు తీసుకున్నాడు. దాని వాడకం పెరిగాక నేత వేగం పెరిగింది, వడికేవాళ్ళు మాత్రం అందుకోలేకపోయారు. నూలుకు కరువు వచ్చింది. 1760లలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ వంటి యంత్రాలు వచ్చేదాకా ఆ ఇబ్బంది తీరలేదు.

కంప్యూటర్‌లో ప్రాసెసర్ నేతగాడు. పక్కనే బుట్టలో ఉన్న కొద్ది కండెలు క్యాష్ మెమరీ. లోపలి గదిలో ఉన్న నూలు ర్యామ్. బజారులో ఉన్న నూలు డిస్క్. బుట్టలో ఉన్నంతసేపు పని జోరుగా సాగుతుంది. బుట్ట ఖాళీ అయితే లోపలి గదికి మనిషి వెళ్ళి రావాలి.

ఆ రాకపోకలకు ఎంత సమయం? ఈనాటి డెస్క్‌టాప్‌లో ర్యామ్ నుంచి సమాచారం రావడానికి సుమారు 80 నానోసెకన్లు పడుతుందనుకోండి. 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది 320 అడుగుల కాలం. ఇప్పుడు ప్రాసెసర్‌ను 4.8కు పెంచారు. అదే 80 నానోసెకన్లు 384 అడుగుల కాలం అవుతుంది. అంటే ఆ చోట మీరు పెంచింది పనిని కాదు, ఎదురుచూపును. ఈ అంతరం పెరుగుతూ పోతే ఒక గోడలా అడ్డం నిలుస్తుందని విలియం వుల్ఫ్, సాలీ మెకీ 1995లోనే ఒక చిన్న వ్యాసంలో హెచ్చరించారు. 'మెమరీ గోడ' అనే మాటకు ప్రచారం వచ్చింది అప్పుడే.

ఎదురుచూపు ఒకటి. ఒకేసారి ఎంత సరుకు మోయగలం అన్నది ఇంకొకటి. దీనికి చిన్న లెక్క. ఒక పట్టికలో 10 కోట్ల సంఖ్యలు, మరో పట్టికలో 10 కోట్ల సంఖ్యలు ఉన్నాయి. జతజతగా కూడి మూడో పట్టికలో రాయాలి. ఒక్కో సంఖ్యకు 8 బైట్లు. రెండు చదవాలి, ఒకటి రాయాలి కాబట్టి ఒక్కో కూడికకు 24 బైట్లు, మొత్తం 240 కోట్ల బైట్లు. డీడీఆర్4-3200 స్టిక్కు ఒకటే ఉంటే అది సెకనుకు మోయగలిగింది ఎక్కువలో ఎక్కువ 2,560 కోట్ల బైట్లు. అంటే ఈ రవాణాకే కనీసం 0.094 సెకను. మరి కూడికలకు? అడుగుకు ఒక్క కూడిక చొప్పున చేసినా 4 గిగాహెర్ట్జ్ వద్ద 0.025 సెకను చాలు. 4.8కు పెంచితే 0.021. కాని సరుకు రావడానికి 0.094 పడుతూనే ఉంది కదా. ఓవర్‌క్లాక్ చేసి సంపాదించింది ఏమీ లేదు. అదే రెండో స్లాట్‌లో మరో స్టిక్కు పెట్టి రెండు ఛానళ్ళూ నడిపిస్తే మోసే శక్తి రెట్టింపవుతుంది, 0.094 కాస్తా 0.047 అవుతుంది. లోపలి గది నుంచి అందించేవాళ్ళు ఒకరికి బదులు ఇద్దరయ్యారన్నమాట.

అన్ని పనులూ ఇలాగే ఉండవు. వీడియోను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చడం, త్రీడీ బొమ్మలను గీయించడం వంటివి ఎక్కువగా ప్రాసెసర్ మీద ఆధారపడతాయి. వాటిలో సమాచారం చాలావరకు క్యాష్‌లోనే తిరుగుతుంది. ద్రవప్రవాహాల లెక్కలు, పెద్ద పెద్ద పట్టికలను కలిపే డేటా పనులు మెమరీ మీద ఆధారపడతాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే పనిచేసే కంప్యూటర్లలో బొమ్మ కూడా ర్యామ్ నుంచే గీయాలి కాబట్టి అక్కడా మెమరీదే పెత్తనం.

మీ పని ఏ రకమో ఎలా తెలుసుకోవాలి? టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 100 శాతం అని కనిపించింది కాబట్టి ప్రాసెసర్ చాలడం లేదని చాలామంది రాస్తారు. ఆ అంకెను నమ్మకండి. మెమరీ కోసం ఎదురుచూస్తూ గడిపిన కాలాన్ని కూడా అది పని చేసినట్టే లెక్క కడుతుంది. మగ్గం ముందు మనిషి కూర్చుని ఉన్నాడా లేదా అని మాత్రమే అది చూస్తుంది, నేస్తున్నాడా లేదా అని చూడదు.

ఇప్పుడు ఆ అమ్మాయి చేసిన పరీక్ష చెబుతాను. దీనికి పైసా ఖర్చు లేదు, ప్రమాదమూ లేదు. వేగం పెంచితే లాభం ఎంతో తెలియాలంటే ముందు వేగం తగ్గించి చూడాలి.

మీ అసలు పనినే, ఓ పదిహేను నిమిషాలు పట్టే భాగాన్ని, మామూలుగా ఒకసారి నడిపి సమయం రాసుకోండి. తరువాత విండోస్ పవర్ ఆప్షన్లలో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనే చోట 100ను తగ్గించండి. ఒక జాగ్రత్త. అక్కడ కొంచెం తగ్గించినా టర్బో ఆగిపోవచ్చు. అందుకని 80 అని రాస్తే 80 శాతమే అనుకోవద్దు. పని నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో అసలు వేగం ఎన్ని గిగాహెర్ట్జ్ అని చూసి రెండుసార్లూ రాసుకోండి. పరీక్ష అయ్యాక అంకెను మళ్ళీ 100కు మార్చడం మరచిపోకండి.

ఉదాహరణకు వేగం సరిగ్గా 80 శాతానికి దిగిందనుకుందాం. వెనుక 100 సెకన్లు పట్టిన పని ఇప్పుడు 125 సెకన్లు పడితే అది పూర్తిగా ప్రాసెసర్ మీద ఆధారపడిన పని. 110 పట్టిందా? 25 పెరగవలసింది 10 పెరిగింది, అంటే ఆ పనిలో 40 శాతమే ప్రాసెసర్‌ది. మిగతా 60 సెకన్లు ఎదురుచూపు. ఇప్పుడు 20 శాతం ఓవర్‌క్లాక్ చేస్తే ఏమొస్తుందో కాగితం మీదే తేలిపోతుంది. 40ని 1.2తో భాగిస్తే 33, దానికి 60 కలిపితే 93. వేలకు వేలు పెట్టి, కూలర్ బిగించి, 100 సెకన్లలో 7 సెకన్లు మిగుల్చుకుంటారు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇదే. ఒక భాగాన్ని ఎంత మెరుగుపరచినా, మొత్తం పనిలో ఆ భాగం వాటాను మించి లాభం రాదు.

ఆ ఎదురుచూపు మెమరీ కోసమా, డిస్క్ కోసమా అన్నది కూడా చూడాలి. పని నడుస్తుండగా డిస్క్ ఎడతెగకుండా తిరుగుతూ, ర్యామ్ నిండిపోయి ఉంటే అసలు కొరత మెమరీ వేగం కాదు, మెమరీ పరిమాణం. గదిలో నూలు చాలక మాటిమాటికీ బజారుకు పరుగెత్తుతున్నారన్నమాట. అప్పుడు ముందు పరిమాణం పెంచాలి.

మెమరీ వేగమే అడ్డు అని తేలితే ఈ వరుసలో వెళ్ళండి.

మొదట, ఉన్నదాన్ని పూర్తిగా వాడుకుంటున్నామా అని చూడండి. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో వేగం, ఎన్ని స్లాట్లు వాడుతున్నదీ కనిపిస్తాయి. 3200 అని రాసి ఉన్న స్టిక్కు 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉండవచ్చు. బయాస్‌లో ఎక్స్.ఎం.పి. అనే అమరికను ఆన్ చేస్తే తప్ప కొన్ని స్టిక్కులు వాటి పూర్తి వేగానికి రావు. డీడీఆర్5లో ఏఎండీ 2022 నుంచి ఇదే పనికి ఎక్స్‌పో అనే పేరు పెట్టింది. సీపీయూ-జెడ్ వంటి సాధనంలో చూస్తే అంకె సగమే కనిపిస్తుంది. 1600 అని ఉంటే అది 3200 అని అర్థం, కంగారుపడి దుకాణదారుతో తగువు పెట్టుకోకండి.

తరువాత రెండో స్లాట్. ఒకే స్టిక్కు ఉంటే అదే పరిమాణం, అదే వేగం ఉన్న మరో స్టిక్కు పెట్టండి. వేగాలు వేరైతే రెండూ నిదానమైనదాని వేగంతోనే నడుస్తాయి. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఏ రెండింటిలో పెట్టాలో బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఇవి రెండూ అయ్యాకే ఇంకా వేగమైన మెమరీ మాట. 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు ఎంతగా పెరిగాయో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో, ముంబై లామింగ్టన్ రోడ్డులోనో బేరమాడినవారికి తెలుసు. కొనేముందు ఉన్నది ఎలా నడుస్తోందో చూడమనడానికి అదొక కారణం. మీ బోర్డు ఏ వేగాన్ని అనుమతిస్తుందో కూడా చూసుకోవాలి. ఉదాహరణకు ఇంటెల్ 2021లో వచ్చిన బి560 బోర్డులలో మెమరీ వేగం పెంచుకోవడానికి వీలిచ్చింది, అదే తరం హెచ్510లో ఇవ్వలేదు.

ఎక్స్.ఎం.పి. కూడా ఒక రకమైన ఓవర్‌క్లాకింగే. మెమరీ తప్పు చేస్తే కంప్యూటర్ ఆగిపోతుందన్న హామీ లేదు. ఒక్కోసారి తప్పు అంకెను చడీచప్పుడు లేకుండా ఫైలులో రాసేస్తుంది. సినిమా చూసేవాడికి అది ఒక చుక్క మాత్రమే, థీసిస్ రాసేవాడికి అది తప్పు ఫలితం. అందుకని మార్చిన రోజు రాత్రి మెమ్‌టెస్ట్86 ప్లస్ వంటి పరీక్షను నడిపించండి. ఒక్క తప్పు కనిపించినా వేగం ఒక మెట్టు దించండి. అసలు ఆన్ కాకపోతే బోర్డు మీద సీమాస్‌ను చెరిపే ఏర్పాటు ఉంటుంది, దానితో మొదటి స్థితికి వస్తుంది.

పరీక్షలో ప్రాసెసరే అడ్డు అని తేలితే? అప్పుడు ఓవర్‌క్లాక్ చేయడంలో అర్థం ఉంది. కాని ఆ ఖర్చు కూడా తెలుసుకోండి. ప్రాసెసర్ తినే విద్యుత్తు, వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజికి వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం 10 శాతం, దానికోసం వోల్టేజి 10 శాతం పెంచితే విద్యుత్తు, వేడి సుమారు 33 శాతం పెరుగుతాయి. బరంపురం, యానాం వంటి ఊళ్ళలో మే నెలలో, ఏసీ లేని గదిలో, ఆ వేడి ఎక్కడికి పోతుంది? వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. పెట్టిన డబ్బు ఫ్యాను చప్పుడుగా మాత్రమే మిగులుతుంది.

ఆ అమ్మాయి సంగతి పూర్తి చేయాలి. ట్రస్టు ఆమెకు ఒక్క మెమరీ స్టిక్కుకు మాత్రమే సహాయం మంజూరు చేసింది. ప్రాజెక్టు గడువులోగా సమర్పించింది. ఆమె అడిగిన మొత్తంలో మిగిలినది ఒడిశాలో చదువుతున్న మరో విద్యార్థి పరీక్ష ఫీజుకు వెళ్ళింది. ఆ ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు.

కార్యవర్గానికి రెండు మనవులు. పాఠశాలలకు, వసతి గృహాలకు కంప్యూటర్లు ఇచ్చేటప్పుడు 16 జీబీ స్టిక్కు ఒకటి కాకుండా 8 జీబీ స్టిక్కులు రెండు అడగండి. పరిమాణం అంతే, మోసే శక్తి రెట్టింపు. రెండోది, దరఖాస్తు ఫారంలో ఒక గడి చేర్చండి: "వేగం తగ్గించి చేసిన పరీక్షలో ఎన్ని సెకన్లు పట్టింది?" అని.

విద్యార్థులకు ఒక్క మాట. ముందు కొలవండి, తరువాత కొనండి. కొలిచిన కాగితం జతచేసి అడిగినవారికి ఎంత పెద్ద మొత్తమైనా నేను కార్యవర్గం ముందు గట్టిగా వాదిస్తాను. కొలవకుండా అడిగినవారికి ఫోన్ చేసి కొలిపిస్తాను.